స్కూటర్‌కు బోరు పెంచితే నిప్పురవ్వ సంగతేమిటి?

మే నెల మధ్యాహ్నం రాయ్‌పూర్ నుంచి భిలాయ్ వైపు ఒక పాత గేర్‌లెస్ స్కూటర్ మీద ఇద్దరు వెళ్తున్నారనుకోండి. ఎండ 43 డిగ్రీలుంది. బండికి ఈమధ్యే పెద్ద బోరు కిట్ వేయించారు, దాంతోపాటు ‘రేసింగ్ సీడీఐ’ కూడా. ఉదయం చల్లపూట బ్రహ్మాండంగా లాగింది. ఇప్పుడు యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఇంజన్లోంచి చప్పుడు వస్తోంది. పెట్రోలు కల్తీ అనుకుంటాడు యజమాని. చాలాసార్లు తప్పు పెట్రోలుది కాదు. కొత్త సిలిండర్‌కూ నిప్పురవ్వకూ పొత్తు కుదరలేదు.

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం పేలదు, కాలుతుంది. కాలడానికి కొంత సమయం పడుతుంది. అందుకే పిస్టన్ పైకంటా చేరకముందే స్పార్క్ ప్లగ్ రవ్వ వేయాలి. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే ఒక చుట్టుకు పట్టేది సెకనులో వందో వంతు. అందులో ఒక్క డిగ్రీ అంటే సుమారు 28 మైక్రోసెకన్లు. ఇంత సూక్ష్మమైన లెక్కను ఇంజన్ చూసుకునేది మాగ్నెట్ మీది చిన్న ఇనుప దిమ్మ, దాని పక్కనుండే పికప్ కాయిల్, సీడీఐ పెట్టె కలిసి. మాగ్నెట్ వ్యాసం 100 మిల్లీమీటర్లయితే దాని అంచు మీద ఒక డిగ్రీ 0.87 మిల్లీమీటర్లే. పికప్ 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే టైమింగ్ దాదాపు మూడున్నర డిగ్రీలు తప్పుతుంది. వేరే బండి మాగ్నెట్ ‘సరిగ్గా పట్టేసింది’ అని బిగించేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇక బోరు సంగతి. 50 మి.మీ. బోరు, 51 మి.మీ. స్ట్రోకు ఉంటే ఇంజన్ దాదాపు 100 సీసీ. పిస్టన్ పైన మిగిలే దహన గది 12.5 సీసీ అయితే కంప్రెషన్ నిష్పత్తి 9. హెడ్డు మార్చకుండా బోరు 56 మి.మీ.కు పెంచితే ఇంజన్ సుమారు 125 సీసీ, నిష్పత్తి 11 అవుతుంది. ఒత్తిడి పెరిగితే మిశ్రమం త్వరగా కాలుతుంది, కాబట్టి రవ్వ కాస్త ఆలస్యంగా పడాలి. బజారులో దొరికే రేసింగ్ సీడీఐలు చాలావరకు రవ్వను ముందుకు జరుపుతాయి, అంటే సరిగ్గా వ్యతిరేక దిశలో. దీనికి వేడిగాలి తోడైతే, మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. ఆ గులకరాళ్ల చప్పుడు అదే. దాన్ని నాకింగ్ అంటారు. అది ఆగకుండా కొనసాగితే పిస్టన్‌కు చిల్లు పడవచ్చు.

ఇవే సీడీఐలు చుట్ల పరిమితినీ ఎత్తేస్తాయి. 8,000 చుట్ల నుంచి 10,000కు వెళ్తే కనెక్టింగ్ రాడ్డు మీద జడత్వ బలం 25 శాతం కాదు, 56 శాతం పెరుగుతుంది. ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది.

సీడీఐల్లో రెండు జాతులున్నాయి. ఏసీ రకం, మాగ్నెట్ లోపలి ప్రత్యేక కాయిల్ పుట్టించే వందల వోల్టులతో కెపాసిటర్‌ను నింపుకుంటుంది. డీసీ రకం, బ్యాటరీ 12 వోల్టులను తానే పెంచుకుంటుంది. చైనా, తైవాన్ స్కూటర్లలో కనిపించే జీవై6 ఇంజన్లకు ఈ రెండూ ఒకేలాంటి పెట్టెల్లో దొరుకుతాయి. ఏసీ పెట్టెకు 12 వోల్టులిస్తే రవ్వ రాదు. డీసీ పెట్టెకు ఆ కాయిల్ వోల్టేజీ తగిలితే లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. కనుక కనెక్టర్ కుదిరిందని సంబరపడకండి, స్టేటర్ ఏ రకమో ముందు తేల్చుకోండి.

ప్లగ్ విషయంలో ఒక తమాషా ఉంది. ఎన్‌జీకే ప్లగ్‌లలో వేడి అంకె పెరిగేకొద్దీ ప్లగ్ ‘చల్లనిది’, బాష్ ప్లగ్‌లలో అంకె తగ్గేకొద్దీ చల్లనిది. పెద్ద బోరుకు సాధారణంగా ఒక మెట్టు చల్లని ప్లగ్ నప్పుతుంది. మర పొడవు మాత్రం పాతదే ఉండాలి. 12.7 మి.మీ. హెడ్డులో 19 మి.మీ. ప్లగ్ బిగిస్తే పిస్టన్ దాని మొనను గుద్దుకోవచ్చు.

అన్నీ బిగించాక టైమింగ్ లైటుతో చూడాలి. మాగ్నెట్ మీద ఎఫ్ గుర్తు ఉన్న బండ్లలో, ఐడిలింగులో అది కేసింగ్ గీతకు ఎదురుగా నిలవాలి. నిలవకపోతే మాగ్నెట్ కీ అరిగిందో, పికప్ జరిగిందో చూడండి. ఇదంతా కార్బ్యురేటర్ బండ్ల కథ. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 స్కూటర్లలో రవ్వనూ ఇంధనాన్నీ కలిపి ఈసీయూయే నడుపుతుంది. అక్కడ సిలిండర్ ఒక్కటే మారిస్తే ఇంధనం లెక్క కూడా తప్పుతుంది.

చట్టం మాట కూడా చూడాలి. రిజిస్ట్రేషన్ పత్రంలో సీసీ రాసి ఉంటుంది. ఆ వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పదహారేళ్ల పిల్లలకు నడిపే వీలున్నది 50 సీసీ మించని బండ్లే. వాళ్ల బండికి పెద్ద బోరు వేయిస్తే ఆ లైసెన్సు ఇక దానికి చెల్లదు.