స్టీలు చెంచాలు, పళ్ళేలు: కొనడం, కడగడం

స్టెయిన్‌లెస్ స్టీలు అంటే ఎప్పటికీ తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. త్వరగా తుప్పు పట్టదు అనుకోవడం సరైనది. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దానిపైన కంటికి కనబడని పలుచని పొర ఏర్పడుతుంది. స్టీలుకు ఈ పొరే కాపలా. గీత పడినా, గాలి తగిలితే ఆ పొర తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డ్ పట్టణంలో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ ఇలాంటి స్టీలును తయారుచేశాడు. కత్తులు, చెంచాలు చేయడం ఆ ఊరి వృత్తి కనుక అది త్వరలోనే భోజనం దగ్గరకు వచ్చింది.

కొన్ని చెంచాల వెనుక 18/8 అనో, 18/10 అనో ముద్ర ఉంటుంది. మొదటి అంకె క్రోమియం శాతం, రెండవది నికెల్ శాతం. 18/0 అంటే అందులో నికెల్ దాదాపు లేదు. అది అయస్కాంతానికి అంటుకుంటుంది, ఉప్పుకూ పులుపుకూ తక్కువ ఆగుతుంది. అందుకని కొందరు అంగడికి అయస్కాంతం తీసుకుని వెళ్తారు. నేను ఆ పరీక్షను అంతగా నమ్మను. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 సిరీస్ అనే చౌక రకం కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. మంచి 18/8 స్టీలేమో వంచిన చోట కొద్దిగా అంటుకోవచ్చు.

కాబట్టి చేతితో చూడండి. చెంచా అంచు మీద బొటనవ్రేలు మెల్లగా నడపండి. పాత బట్టలకు ఇచ్చే పలుచని చెంచాలకు తరచు అంచు గరుకుగా ఉంటుంది. పక్షవాతం వచ్చిన వారికి, పసిపిల్లలకు దానితో తినిపిస్తే పెదవి, చిగురు కోసుకుంటాయి. పళ్ళెం, గ్లాసు అంచు మడత పూర్తిగా మూసుకుని ఉన్నదా లేదా చూడండి. సందు ఉంటే కడిగిన నీళ్ళు, మెతుకులు అందులోనే నిలిచిపోతాయి. పేరు చెక్కించదలిస్తే గిన్నె బయటివైపు చెక్కించండి.

ఇక ముఖ్యమైన సంగతి. ఇంట్లో ఒకరికి జబ్బు చేయగానే వారి పళ్ళెం, చెంచా బ్లీచింగ్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టేవారు ఉన్నారు. శుభ్రత కోసమే చేస్తారు గాని, బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఆ కాపలా పొరను తినేసి స్టీలులో సూదిమొనంత గుంటలు చేస్తుంది. ఆ గుంటలలో ఆహారం, క్రిములు చేరితే పీచుకు కూడా అందవు. ఆసుపత్రి పరికరాలను కూడా అందుకే ఆ నీళ్ళలో ఎక్కువసేపు ఉంచనివ్వము.

క్షయ రోగి ఉన్న ఇంట్లో ఇది ఎక్కువగా చూస్తాము. క్షయ గాలి ద్వారా, దగ్గినప్పుడు వ్యాపిస్తుంది. పళ్ళెం, చెంచా వల్ల రాదు. రోగి పళ్ళెం విడిగా మూలన పెట్టడం వల్ల ఎవరికీ రక్షణ లేదు, ఆ మనిషి మనసు మాత్రం కష్టపడుతుంది. కిటికీలు తెరవండి, దగ్గినప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టమనండి, మందులు మానకుండా మింగించండి. గిన్నెలు అందరివీ కలిపి సబ్బుతో కడగవచ్చు. విరేచనాలు, టైఫాయిడ్ ఉన్నప్పుడు మాత్రం వేడి నీళ్ళు, సబ్బుతో బాగా తోమి ఆరబెట్టాలి. తోమినవారు చేతులు కూడా సబ్బుతో కడుక్కోవాలి. నెలలు నిండని బిడ్డకు పాలు పట్టే చెంచా, ఉగ్గుగిన్నె అయితే ముందు కడిగి, నీళ్ళు తెర్లిన తర్వాత 10 నిమిషాలు మరిగించండి.

రోజూ తోమడానికి కొబ్బరి పీచు గాని మెత్తని స్పాంజి గాని చాలు. ఇనుప పీచు నుండి రాలే పొడి గిన్నెకు అంటి తుప్పు పడుతుంది. ఆ మరకను చూసి స్టీలు మంచిది కాదని అంగడివాడిని తిడతాము! అన్నం, పప్పు గిన్నెలో చన్నీళ్ళు ఉండగా ఉప్పు వేస్తే అది అడుగున పేరుకుని మచ్చలు చేస్తుంది. నీళ్ళు మరిగాక వేసి కలపండి. ఆవకాయ, చింతకాయ పచ్చడి జాడీలోనే ఉంచండి, చెంచా అందులో వదిలేయకండి. ఉప్పునీటి బోరు ఉన్న ఊళ్ళలో కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. తెల్లని చారలు పడితే నిమ్మచెక్కతో రుద్ది మంచినీళ్ళతో కడగండి. అడుగున నీలం, బంగారు రంగులు వేడి వల్ల వస్తాయి, వాటితో హాని లేదు.

గుంటలు పడిన చెంచాను రోగికి, బిడ్డకు వాడకండి. పంచదార డబ్బాలో వేసుకోవచ్చు.