టర్బో ఇంజనునకు మత్తడి ఎంత ఉండవలెను?

బోధన్ ప్రాంతపు రైతులకు మత్తడి యన నేమో చెప్పనక్కరలేదు. చెరువు నిండిన పిమ్మట వచ్చెడి నీటిని, కట్టకు చేటు రాకుండ, బయటికి పోనిచ్చు దారి అది. నేడు మీ ట్రాక్టరు బానెట్టు క్రిందను, కోత యంత్రపు ఇంజనులోను ఇట్టి మత్తడియే ఒకటి ఉండవచ్చును. మెకానిక్కులు దానిని వేస్టుగేటు అందురు. దాని కొలత నిర్ణయించు పద్ధతిని ఈ పాఠమున తెలిసికొందము.

వ్యవసాయ శాఖవారికి ఇంజను గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చును. శక్కర్‌నగరు చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన తరువాత, ఇంకను చెరకు వేయు రైతులు పంటను దూరపు ఫ్యాక్టరీలకు తోలుకొనవలసి వచ్చినది. నరికిన చెరకు నిలువ ఉన్న కొలది తూకము తగ్గును, చక్కెర పాలు పడిపోవును. కావున త్వరగా తోలవలెనను ఆత్రము, దానితో ఇంజను బలము పెంచవలెనను కోరిక కలుగుచున్నవి. ఆ కోరికలో తప్పు లేదు. తెలియక చేసిన మార్పువలన అప్పుచేసి కొన్న యంత్రము సీజను నడుమ చెడిపోవుటయే నష్టము.

గత సంవత్సరము నిజామాబాదు పట్టణములో ఒక యువ రైతు నన్ను కలిసికొనెను. అతడు కిరాయికి తిప్పు కోత యంత్రమునకు పెద్ద టర్బో గల ఇంజనును తయారు చేయించుచున్నాడు. "సార్, ఇంజను బలము ఎంత ఎక్కువైతే వేస్టుగేటు అంత పెద్దది వేయవలెనని దుకాణములో చెప్పినారు, 60 మిల్లీమీటర్లది చూపినారు. తీసికొనమంటారా?" అని అడిగెను. నేను వ్యవసాయ పట్టభద్రుడనే కాని ఇంజను పనివాడను కాను. అయినను నీటి లెక్క తెలిసినవానికి ఈ లెక్క కష్టము కాదు. ఆ దుకాణదారు మాట సగమే నిజము.

ముందు టర్బో పని చేయు తీరు చూడుడు. ఇంజను నుండి వెలువడు వేడి పొగ వట్టిగా సైలెన్సరులోనికి పోక, దారిలో ఒక చిన్న చక్రమును త్రిప్పును. దీనిని టర్బైను అందురు. అదే ఇరుసుకు రెండవ కొననున్న చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి నెట్టును. గాలి ఎక్కువైనచో ఎక్కువ ఇంధనము చక్కగా కాలును, బలము పెరుగును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంటు పొందెను. వ్యవసాయ ట్రాక్టరునకు కంపెనీయే టర్బో బిగించి అమ్ముట అమెరికాలో 1961లో ఆలిస్-చామర్స్ డి-19తో మొదలైనది.

ఇందులో ఒక చిక్కున్నది. ఇంజను వేగము హెచ్చిన పొగ హెచ్చును. పొగ హెచ్చిన చక్రము వేగము హెచ్చును. అప్పుడు గాలి ఒత్తిడి, అనగా బూస్టు, ఇంకను పెరిగి మరింత పొగ పుట్టించును. వరద వాగు వలె ఇది తనంతట తాను ఆగదు. అందుచేత టర్బైనునకు ముందే ఒక తలుపు పెట్టుదురు. బూస్టు నిర్ణయించిన మట్టమునకు రాగానే ఆ గాలియే ఒక రబ్బరు పొరను నెట్టి, స్ప్రింగును అణచి, తలుపును తెరచును. మిగులు పొగ టర్బైనును తాకకుండ ప్రక్క దారిని పోవును. కొన్ని ఇంజనులకు ఈ తలుపు ఉండదు. బూస్టు మితి మీరకుండునట్లు టర్బైనునే పెద్దదిగా ఎంచి బిగించియుందురు. అట్టి ఇంజను గలవారు లేని గేటు కొరకు వెదుకవద్దు.

ఇక కొలత సంగతి. చెరువు మత్తడి వెడల్పును ఆయకట్టు ఎకరాలను బట్టి నిర్ణయింతురా? లేదు. ఎంత వరద వచ్చును, చెరువు నిండిన పిదప అందులో ఎంత బయటికి పోవలెను అని లెక్కింతురు. ఇంజనుకును అంతే. గుర్రపు శక్తి ఆయకట్టు వంటిది. టర్బైను వాడుకొనగా మిగులు పొగ ఎంత అనునదే మత్తడి లెక్క.

ఉదాహరణకు, నిండు వేగమున ఒక ఇంజను 100 పాళ్ళ పొగ విడుచుననుకొందము. చిన్న టర్బైను బిగించినచో, కోరిన బూస్టు నిలుపుటకు దానికి 55 పాళ్ళు చాలును. తక్కిన 45 పాళ్ళు గేటు గుండ పోవలెను. అదే ఇంజనునకు పెద్ద టర్బైను బిగించినచో దానికి 80 పాళ్ళు కావలెను. గేటుకు మిగులునది 20 పాళ్ళే. ఇప్పుడు రెండవ ఇంజనులోనే బూస్టు పెంచితిమనుకొనుడు. పొగ 120 పాళ్ళగును, కాని టర్బైనే 100 పాళ్ళు మ్రింగును. బలము పెరిగినను గేటు గుండ పోవునది 20 పాళ్ళే గదా. ఈ అంకెలు పాఠము కొరకు వేసినవి, కాని నడక ఇట్లే ఉండును. పెద్ద ఇంజనునకు చిన్న టర్బైను పెట్టి తక్కువ బూస్టు కోరువానికి పెద్ద గేటు కావలెను. పెద్ద టర్బైనుతో ఎక్కువ బూస్టు కోరువానికి చిన్న గేటు చాలును. చాలమంది తారుమారుగా తలచునది ఇచ్చటనే.

విడిగా బిగించు గేట్లు బజారులో 38, 44, 50, 60 మిల్లీమీటర్ల కొలతలలో దొరకును. ఈ అంకె తలుపు అడ్డుకొలత. దారి వైశాల్యము అడ్డుకొలత వర్గమును బట్టి పెరుగును. 38 మి.మీ. గేటునకు సుమారు 1,134 చదరపు మి.మీ. దారి యుండగా, 44కు 1,520, 50కి 1,963, 60కి 2,827 ఉండును. అనగా 60 మి.మీ. గేటు 38 మి.మీ. గేటునకు రెండున్నర రెట్లు. 38 మి.మీ. గేట్లు రెండు కలిపిన 2,268 అగును. ఒక్క 50 మి.మీ. గేటుకంటె ఎక్కువే. పొగగొట్టములు రెండు పాయలుగా వచ్చి టర్బైనును చేరు ఇంజనులలో పాయకొకటి చొప్పున రెండు చిన్న గేట్లు పెట్టుట మంచిది.

మరి ఎందుకైనను మంచిదని పెద్దదే కొనరాదా? మరీ చిన్నదానికంటె కొంచెము పెద్దది నయమే. కాని మితిమీరి పెద్దదైనచో తలుపు వెంట్రుకవాసి తెరచినను పొగ గుప్పున పోవును, బూస్టు ఊగిసలాడును. పెద్ద తూము తలుపును అర అంగుళము లేపి మడి పారించుట ఎంత చికాకో మీకు తెలియును. పైగా ధర ఎక్కువ, బిగించుటకు చోటు ఎక్కువ.

గేటు కొలత ఎంత సరిగా ఎంచినను, గొట్టము తప్పుగా అతికిన పని చెడును. ఈ సంగతి దుకాణములో ఎవరును చెప్పరు. కాలువ నుండి పిల్లకాలువను ఎదురు దిక్కునకు త్రవ్విన నీరెక్కునా? పొగయు అట్లే తాను పోవు దిక్కునే పోగోరును. అన్ని గొట్టములు కలిసెడి చోటున, పొగ నడక వాలుననే గేటు గొట్టమును అతికించవలెను. నిట్టనిలువు మూలగా అతికిన 50 మి.మీ. గేటు, వాలుగా అతికిన 38 మి.మీ. గేటు పాటి పనియు చేయకపోవచ్చును. ఆ యువ రైతు ఇంజనును చూడగా అతని చిక్కు ఇదే. వెల్డింగు మార్పించి, 44 మి.మీ. గేటు బిగించుకొనెను.

గేటు నుండి వచ్చు పొగను బయటికి వదలక, మరల సైలెన్సరు గొట్టములోనే కలుపవలెను. పందెపు కార్లవారు చప్పుడు కొరకు బయటికే వదలుదురు. ఎండిన వరిగడ్డి, చెరకు ఆకు నడుమ తిరుగు యంత్రమునకు అది నిప్పంటించుటయే.

స్ప్రింగును మీరు కోరిన బూస్టునకు సమముగా గాని కొంచెము తక్కువగా గాని ఎంచుడు. కంట్రోలరు పెట్టి బూస్టును స్ప్రింగు మట్టముకంటె పెంచవచ్చును గాని, దానికంటె తగ్గించుట సాధ్యపడదు.

బోధను దగ్గర ఒక గ్రామములో జరిగినది చెప్పెదను. చెరకు ట్రాలీ కట్ట ఎక్కుట లేదని, ఒక రైతు ట్రాక్టరు డీజిలు పంపును పెంచి, వేస్టుగేటు కడ్డీ కదలకుండ బైండింగు తీగతో బిగించిరి. మత్తడికి మట్టి కట్టిన పనియే గదా! నాలుగు దినములు బండి ఏనుగువలె లాగెను. అయిదవ దినమున హెడ్డు గ్యాస్కెట్టు పోయెను. విప్పి చూడగా ఒక పిస్టను తల కరగియుండెను. పిస్టను అల్యూమినియపు మిశ్రమము. అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరగును, మండుచోట వేడి అంతకు ఎన్నో రెట్లు. ఆ రైతు మిగిలిన సీజను అద్దె బండితో చెరకు తోలించెను. తీగ ఖరీదు రెండు రూపాయలుండునేమో.

గ్రామోద్యోగులు ఇంకొక సంగతి గమనింపవలెను. రిజిస్టరైన బండి వివరములు కంపెనీ నిర్దేశించినదానికి భిన్నమగునట్లు మార్పులు చేయుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. ఇంజను మార్పు తలపెట్టిన రైతును ముందుగా రవాణా కార్యాలయమునకు పంపుడు.

బిగించిన పిదప పరీక్ష ఇట్లు చేయవలెను. బూస్టు గేజి ఒకటి తప్పక పెట్టించుడు. కంట్రోలరు లేకుండ, స్ప్రింగు మీదనే, బరువుతో బండిని నడుపుచు వేగము మెల్లగా పెంచుడు. ముల్లు స్ప్రింగు మట్టమునకు వచ్చి, వేగము హెచ్చినను అచ్చటనే నిలిచిన గేటు సరిపోయినది. మట్టము దాటి, వేగముతోపాటు పైపైకి ప్రాకిన గేటు చిన్నది గాని, గొట్టము తప్పు గాని అగును. వెంటనే బండి నిలుపుడు. ముల్లు ఒక్కసారి ఎగిరి మరల మట్టమునకు దిగిన అది ప్రాకుట కాదు, తలుపు ఆలస్యముగా తెరచుకొనుట. ముల్లు మట్టమునకే రాకున్న తలుపు సందున పొగ కారుచున్నదేమో, స్ప్రింగు మెత్తనైనదేమో చూడవలెను.

గేటునకు గాలి చేర్చు సన్నని రబ్బరు గొట్టమును ఆయిలు మార్చిన ప్రతిసారి చేతితో వంచి చూడుడు. అది పగిలినను, ఊడినను తలుపు తెరచుకొనదు. బీటలు కనబడిన ఆ దినమే మార్చి, వేడి గొట్టములకు తగులకుండ దూరముగా కట్టుడు.