ఎర తినేది ఎవరు?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. సాయంత్రాలు పోర్ట్ ఫిలిప్ బే ఒడ్డున స్క్విడ్ ఎరతో గాలం వేస్తున్నాను. ఎర మాయమవుతోంది గానీ చేప పడట్లేదు. ఎందుకండీ?

జవాబు: మిగిలిన ముక్క అంచులు కత్తిరించినట్టుంటే దొంగ బహుశా టోడ్‌ఫిష్. అది విషపు చేప, పులుసుకు పనికిరాదు, పడితే వదిలేయండి. ఇక మీ ఎర సంగతి. స్క్విడ్‌ది గట్టి కండ. ముద్దగా గుచ్చితే గాలం మొన అందులోనే కూరుకుపోతుంది. తోలు ఒలిచి, వేలెడు పొడుగున సన్నటి పట్టీలా కోసి, ఒక కొసనే రెండుసార్లు గుచ్చండి. మొన బయటికుండాలి, మిగతాది నీళ్లలో రెపరెపలాడాలి. పొద్దు వాలే ముందు గంట, వాలాక గంట వదులుకోవద్దు. గాలి ఒడ్డుకేసి కొట్టి నీళ్లు కలకబారితే స్నాపర్ అనే చేప దగ్గరికొస్తుంది. చలికి వణికినా నాకు ఆ సాయంత్రాలే ఇష్టం. 28 సెంటీమీటర్లకు తగ్గిన స్నాపర్‌ను మాత్రం తిరిగి నీళ్లలోకి వదలాల్సిందే.