రోగపటమునకు క్రొత్త పొర చేర్చుట

1854వ సంవత్సరమున లండను నగరమందు కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు మరణములు సంభవించిన ఇండ్లను వీథుల పటముపై గుర్తించెను. అదే పటమున నీటి పంపులను గూడ చూపెను. గుర్తులు బ్రాడ్ స్ట్రీటు పంపు చుట్టును క్రిక్కిరిసి కనబడెను. ఇండ్లను మాత్రమే చూచినను, పంపులను మాత్రమే చూచినను ఈ సంగతి బోధపడదు. రెండును ఒకే పటమున చేరవలెను.

నేడు ఈ పని కంప్యూటరుపై జరుగుచున్నది. పలుచని ట్రేసింగు కాగితములను ఒకదానిపై నొకటి పరచినట్లు గ్రామములు, వాగులు, రోగులు వేరువేరు పొరలుగా నుండును. పొరలను భద్రపరచు సమాచార కోశమునకు పోస్ట్‌జిఐఎస్ అనియు, వానిని పటముగా చూపు సాధనమునకు క్యూజిఐఎస్ అనియు పేర్లు. రెండును ఉచితముగా లభించును.

పాడేరు మన్యమును ఉదాహరణముగా గైకొందము. మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ కొండవాలులందు మెల్లగా పారు సెలయేళ్ళలో గ్రుడ్లు పెట్టును. కనుక వాగునకు ఒక కిలోమీటరు లోపల నుండి, గత మాసమున జ్వరపీడితులు కనబడిన గూడెము లెవ్వియో తెలిసినచో మందు చల్లువారు ముందుగా అచ్చటికే పోవుదురు. ఇందులకు ప్రతి మాసమును ఒక క్రొత్త పొర కావలెను.

నలుబది ఆరోగ్య కేంద్రముల జాబితాలను చేతితో చేర్చువాని కన్ను అలసిపోవును. నలుబదవ జాబితాకు పొరపాటు రాక మానదు. అందుచేత క్యూజిఐఎస్‌లోనే పైథాన్ భాషలో ఆజ్ఞలను ఒక్కసారి వ్రాసి పెట్టుకొనుట మేలు. దీనినే స్క్రిప్టు అందురు. అది జాబితాను చదువును, అక్షాంశ రేఖాంశములను బిందువులుగా మార్చును, కోశమున వ్రాయును, స్థలసూచికను కట్టును, పటముపై రంగు వేసి చూపును.

అయితే స్క్రిప్టు చెప్పినది చేయునే గాని తప్పొప్పులు విచారింపదు. పాడేరు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 82.7 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. ఈ రెండంకెలు తారుమారైనచో ఊరు ఉత్తర ధ్రువ సముద్రపు మంచులో తేలును! గడులు ఖాళీగా నుండి సున్నలుగా చదువబడినచో రోగులందరును ఆఫ్రికాకు పడమట అట్లాంటిక్ సముద్రమున మునుగుదురు. ఇట్టి తప్పులు కంటికి కనబడును గనుక అంత ప్రమాదము లేదు.

కనబడని తప్పులే భయంకరములు. ఫోను ఇచ్చు స్థాన వివరములు డిగ్రీలలో నుండును. ఆ పొరను మార్చకయే ఒక కిలోమీటరను భావముతో 1 అని వ్రాసినచో కోశము దానిని ఒక డిగ్రీగా, అనగా సుమారు 111 కిలోమీటర్లుగా గ్రహించును. మన్యములోని గూడెములన్నియు వాగు ప్రక్కనే యున్నట్లు తేలును. మందు నిజముగా వలసిన చోటికి ఆలస్యముగా చేరును. కావున ముందుగా మీటర్లలో కొలుచు పద్ధతికి మార్చవలెను. ఈ ప్రాంతమునకు తగిన దాని సంఖ్య 32644.

గ్రామనామములను నమ్మరాదు, ఒకే ఊరిని ఇద్దరు రెండు విధముల వ్రాయుదురు. 2022 ఏప్రిలులో పాడేరు విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణ మయ్యెను. పాత జాబితాలలో పాత జిల్లాయే యుండును. పేరునుబట్టి గాక ప్రభుత్వ గ్రామసంఖ్యనుబట్టి కలుపుటయే శ్రేయస్కరము. రోగి పేరుగాని ఇంటి గుర్తుగాని పొరలో చేర్చవలదు. గూడెము తెలిసిన చాలును.

మరియొక చిక్కు కలదు. మధ్యలో కరెంటు పోయి స్క్రిప్టును రెండవసారి నడిపినచో రోగుల సంఖ్య రెట్టింపు కావచ్చును. ప్రతి నమోదుకును ప్రత్యేక సంఖ్య నిచ్చి, మాసపు జాబితా పూర్తిగా చేరవలెను లేదా ఏమియు చేరరాదు అను నిబంధన పెట్టవలెను. పని ముగియగానే జాబితాలోని వరుసలను, పొరలోని బిందువులను లెక్కించి సరిపోల్చవలెను. పిదప ఆ ప్రాంత మెరిగిన ఆరోగ్య కార్యకర్తను పటము ముందు కూర్చుండబెట్టి రెండు మూడు గూడెములను చూపుమని కోరవలెను. ఆమె వ్రేలు, పటముపై బిందువు ఒకచోటనే పడువరకు పాత పొరను తుడిచివేయరాదు.