పచ్చగుడ్డ ముందు ఎగిరిన కొంగ
(వెబ్‌క్యామ్‌తో స్టాప్ మోషన్ – ఒక పాఠం)



పోయిన వార్షికోత్సవం నాడు ప్రార్థన అయ్యాక తెర మీద 20 సెకన్లపాటు ఒక కొంగ ఎగిరింది. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు మీదుగా, దీపస్తంభం పక్కనుంచి సాగిపోయింది. అది అట్టముక్కలతో మేము చేసిన బొమ్మ. ఆ మర్నాటి నుంచి చిన్న తరగతుల తమ్ముళ్లు అడుగుతున్నది ఒకటే ప్రశ్న: "అన్నా, దారం కట్టారా? కడితే కనబడలేదేం?" ఒక్కొక్కరికి చెప్పే కంటే ఈ సంచికలో రాస్తే అందరికీ పనికొస్తుందనుకున్నాం. మాకు వచ్చిన దానితోపాటు మేము చెడగొట్టుకున్నది కూడా రాస్తున్నాం. రెండోదే మీకు ఎక్కువ ఉపయోగం.

స్టాప్ మోషన్ అంటే

బొమ్మను పెట్టి ఒక ఫొటో తీస్తాం. కొద్దిగా కదిపి మరొకటి తీస్తాం. ఇలా తీసినవన్నీ వరసగా వేగంగా చూపిస్తే బొమ్మ తానే కదిలినట్టుంటుంది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు పోతాయి. మనం 12 ఫొటోలు తీసి, ఒక్కొక్కటి రెండుసార్లు చూపిస్తే చాలు. 20 సెకన్లకు 240 ఫొటోలు.

ఇది కొత్త విద్య కాదు. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' విడుదల చేయడానికి ముందే, ఒక బఠాణీ గింజ మొలకెత్తి మొక్క కావడాన్ని రోజుల తరబడి కొంచెం కొంచెంగా ఫిల్ము మీదికెక్కించి చిన్న చిత్రం చేశారు. మన తెలుగులో 1957 నాటి 'మాయాబజార్' చూడనివారుండరు. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తాయి. 'ప్రియదర్శిని' పెట్టె తెరిస్తే, తెరిచినవారికి ప్రియమైనది అందులో కనబడుతుంది. దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కంప్యూటర్ లేని రోజుల్లో ఈ పని చేశారు. ఒక బొమ్మలో మరో బొమ్మను అతికించడమే ఆ పెట్టెలోని కిటుకు. పచ్చగుడ్డ చేసే పనీ అదే.

పచ్చగుడ్డే ఎందుకు?

నేల మీద నడిచే బొమ్మతో చిక్కు లేదు. ఎగిరే బొమ్మను గాలిలో నిలబెట్టేదెలా? ఏదో ఒక కడ్డీ ఆధారం ఉండాలి. ఆ కడ్డీ కనబడకూడదు. బొమ్మ వెనక చిలకపచ్చ గుడ్డ కట్టి, కడ్డీకీ అదే గుడ్డ చుడితే, పచ్చనంతా తీసేయమని కంప్యూటర్‌కు చెప్పవచ్చు. గుడ్డతోపాటు కడ్డీ కూడా మాయమై కొంగ ఒక్కటే మిగులుతుంది. మన దారం రహస్యం ఇదే.

కంప్యూటర్ బొమ్మలో ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. అర్థం కావడానికి ఒక లెక్క వేద్దాం. గుడ్డ మీది చుక్క: 40, 190, 60. ఆకుపచ్చలోంచి మిగతా రెండింటిలో పెద్దది తీసేస్తే 190 – 60 = 130. కొంగ తెల్ల రెక్క: 240, 235, 230. అక్కడ 235 – 240 = –5. "తేడా 80 దాటితే ఆ చుక్కను తీసెయ్" అంటే గుడ్డ పోయి రెక్క ఉంటుంది.

ఇప్పుడు గుడ్డ మీద నీడ పడిందనుకోండి. అక్కడి చుక్క 15, 60, 20. తేడా 40 మాత్రమే. అది పోదు, నల్లటి మరకలా మిగిలిపోతుంది. సరే, హద్దును 80 నుంచి 25కు తగ్గిద్దామా? అప్పుడు ఇంకో చిక్కు. గుడ్డ పచ్చదనం తెల్ల రెక్క అంచున ప్రతిఫలించి ఆ చుక్క 200, 235, 205 అయి ఉంటుంది. తేడా 30. నీడతోపాటు రెక్క అంచూ పోయి ఎలుక కొరికినట్టవుతుంది. కాబట్టి ఈ ఇబ్బందిని కంప్యూటర్ దగ్గర కాదు, గుడ్డ దగ్గరే సరిచేసుకోవాలి. సాఫ్ట్‌వేర్లు ఇంతకంటే సున్నితంగా లెక్క వేస్తాయి గాని మూలసూత్రం ఇదే.

సినిమాల్లో మొదట నీలం తెర వాడేవారు. 1940 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో లారీ బట్లర్ ఈ పద్ధతి వాడారు. ఆ చిత్రానికి స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆకుపచ్చ ముందుకొచ్చింది. వెబ్‌క్యామ్ లోపలి సెన్సర్‌లో సాధారణంగా సగం గడులు ఆకుపచ్చను చూసేవి, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని చూసేవి. కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు వచ్చింది. కెమెరా అన్నిటికంటే బాగా చూసే రంగు ఆకుపచ్చ కనుక, దాన్ని శుభ్రంగా వేరు చేయగలదు.

బొమ్మలో మాత్రం పచ్చ ఉండకూడదు. మొదటిసారి మేము ముచ్చటపడి బొమ్మ గుడికి మామిడాకుల తోరణం కట్టాం. కంప్యూటర్‌లో చూస్తే ఆకులన్నీ పోయి దారం ఒక్కటే వేలాడుతోంది. మీరు చిలుకను ఎగరేయాలంటే నీలం గుడ్డ కట్టండి.

కావలసినవి

• కంప్యూటర్, వెబ్‌క్యామ్ (మాది 1280×720 చుక్కలది).
• మెరుపు లేని చిలకపచ్చ నూలుగుడ్డ 2 మీటర్లు, ఇస్త్రీ చేసినది. శాటిన్ వద్దు. బొమ్మ చిన్నదైతే పచ్చ చార్టు చాలు.
• ఒకే రకం ఎల్‌ఈడీ బల్బులు మూడు.
• అట్టపెట్టె ముక్కలు, సన్నని రాగి తీగ, పోస్టర్ రంగులు, ఒక సైకిల్ చువ్వ, రెండు ఇటుకలు.

కొంగను ఎంచుకోవడానికీ కారణముంది. మన జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు పెడతాయి. ఎర్రకాళ్ల కొంగ ఒంటి మీద తెలుపు, నలుపు, గులాబీ, ముక్కు పసుపు. పచ్చ లేదు. మన పనికి తగిన పిట్ట.

సూర్యుడు నేర్పిన పాఠం

మొదటి ఆదివారం కిటికీ పక్కన బల్ల వేసుకుని, మంచి వెలుతురుందని సంబరపడి ఉదయం 9 నుంచి 12 వరకు 160 ఫొటోలు తీశాం. కలిపి చూస్తే ఏడుపొచ్చింది. కిటికీ చువ్వల నీడ గుడ్డ మీద పాములా పాకుతోంది. కొంగ మొదట కుడివైపు వెలిగి, చివరికి నడినెత్తిన వెలుగుతోంది. మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ మొత్తం కళ్లు ఆర్పినట్టు మినుకుమంటోంది. 160 ఫొటోలూ చెరిపేశాం.

అరసవల్లిలో ఉండి ఇది మాకు ముందే తట్టకపోవడం సిగ్గుచేటు. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయాన సూర్యకిరణాలు గర్భగుడిలో స్వామివారి పాదాలను తాకుతాయని చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఆ తేదీలే ఎందుకు? సూర్యుడు ఉదయించే చోటు రోజూ కొంచెం జరుగుతుంది. మార్చి విషువత్తుకు సుమారు 10 రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తు దాటిన సుమారు 10 రోజులకు, ఆ చోటు దాదాపు ఒక్కటే. పైగా ఆ కిరణం అక్కడ నిలిచేది కొద్ది నిమిషాలే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే 4 నిమిషాలకు ఒక డిగ్రీ. మేము కూర్చున్న 3 గంటల్లో 45 డిగ్రీలు తిరిగిపోయింది! మనం బొమ్మను అంగుళం కదపకపోయినా సూర్యుడు నీడను కదిపేస్తాడు.

రెండో ఆదివారం కిటికీలకు దుప్పట్లు కట్టేశాం. గుడ్డకు అటొక బల్బు, ఇటొక బల్బు, రెండూ ఒకే దూరంలో పెట్టాం. కొంగకు వేరుగా మూడో బల్బు. కొంగకూ గుడ్డకూ మధ్య 3 అడుగుల ఎడం ఉంచాం. దాంతో కొంగ నీడ గుడ్డ మీద పడలేదు, గుడ్డ పచ్చదనం రెక్క మీదికి రాలేదు.

మూడో బల్బు ఎటు పెట్టాలి? వెనక అతికించబోయే ఫొటో చూసి నిర్ణయించాలి. మాకు ఒక పూర్వ విద్యార్థి తెచ్చిచ్చిన కళింగపట్నం ఫొటోలో ఎండ ఎడమనుంచి పడుతోంది. కాబట్టి కొంగకూ ఎడమనుంచే వెలుగు పెట్టాం. వెనక బొమ్మకూ ముందు బొమ్మకూ ఒకే సూర్యుడు ఉండాలి. ఇది తప్పితే ఎంత శుభ్రంగా కత్తిరించినా అతికించినట్టే కనబడుతుంది.

బొమ్మ, వెబ్‌క్యామ్

రెక్కల అట్ట వెనక రాగి తీగ అంటిస్తే వంచిన చోట నిలబడతాయి. రెక్క పైనుంచి కిందికి, మళ్లీ పైకి రావడానికి 8 భంగిమలు గీసుకుని, వాటికే తిరిగి తిరిగి వంచాం. దూది, ఈకలు అంటించకండి. వెబ్‌క్యామ్ వెలుగు వివరాలను బాగా దాస్తుంది గాని రంగు వివరాలను తక్కువగా దాస్తుంది. సన్నని నూగు దగ్గర పచ్చ ఎక్కడ ఆగిందో దానికి తెలియదు. సైకిల్ చువ్వను కొంగ వెనకనుంచి గుచ్చి, ఇటుకల మధ్య బిగించాం.

కొంగను ఫ్రేములో ముందుకు జరపవద్దు. ఒకే చోట రెక్కలు ఆడించండి. ప్రయాణం తర్వాత కంప్యూటర్‌లో చేయించవచ్చు.

వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో 'ఆటో' అని ఉన్నవన్నీ తీసేయాలి: ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్. తెల్ల రెక్క పైకి లేచినప్పుడల్లా వెలుగెక్కువైందనుకుని కెమెరా బొమ్మను తగ్గించేస్తుంది. దాంతో పచ్చగుడ్డ అంకెలు ఫొటో ఫొటోకూ మారిపోతాయి. ఇంకొకటి, మన కరెంటు 50 హెర్ట్జ్. 'పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ' అన్నచోట 60 ఉంటే 50కి మార్చండి, లేకుంటే లైటు చారలు రావచ్చు. కెమెరా కాళ్ల చుట్టూ టేపుతో గుర్తు పెట్టండి. ఎవరైనా తగిలినా తిరిగి అక్కడే పెట్టొచ్చు.

ముందటి ఫొటో ఎక్కడుందో తెలియడానికి కొన్ని ప్రోగ్రాముల్లో దాన్ని పల్చగా చూపించే సదుపాయం ఉంటుంది. లేకపోతే మానిటర్ మీద పారదర్శక ప్లాస్టిక్ కవరు అంటించి, స్కెచ్ పెన్నుతో కొంగ రూపం గీసుకోండి. మేమలాగే చేశాం. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. ప్రతి ఫొటో విడి ఫైలుగా దాస్తున్నాం గనుక ఒక్కటీ పోలేదు.

రెండూ కలపడం

షాట్‌కట్, కెడెన్‌లైవ్, బ్లెండర్ మూడూ ఉచితం. మేము షాట్‌కట్ వాడాం.

1. ప్రాజెక్టును సెకనుకు 24 ఫ్రేములకు పెట్టాలి. మొదటి ఫొటో తెరిచి 'ఇమేజ్ సీక్వెన్స్' ఎంచుకుని, ఒక్కో ఫొటో 2 ఫ్రేములు ఉండాలని చెప్పాలి.
2. కింది ట్రాకులో కళింగపట్నం, పై ట్రాకులో కొంగ.
3. కొంగకు 'క్రోమా కీ' ఫిల్టరు వేసి, గుడ్డ రంగును చూపించాలి. హద్దును కొంచెం కొంచెంగా పెంచుతూ, రెక్క అంచు తెగడం మొదలవగానే ఒక మెట్టు వెనక్కి రావాలి.
4. వెనక ఫొటోను కొంగకు ఎదురు దిశలో మెల్లగా జరపాలి. ఫొటో వెడల్పు 1920, ఫ్రేము 1280 అయితే జరపడానికి 640 చుక్కలుంటాయి. 20 సెకన్లకు పంచితే సెకనుకు 32. అంత నెమ్మదిగా జరిగితేనే కొంగ ఎత్తులో పోతున్నట్టుంటుంది.

చివరి మాట

హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు గనుక మాకు దొరికింది ఒక్క వెబ్‌క్యామే. ఇలాంటివి హైదరాబాదు స్టూడియోల్లో పెద్దవాళ్లు చేసేవని మొదట్లో మేమూ అనుకున్నాం. కావలసింది వెలుగును అదుపులో పెట్టడం, 240 సార్లు విసుక్కోకుండా కూర్చోవడం. వార్షికోత్సవం నాడు ఒక తమ్ముడి తల్లి తెర చూసి, "ఆ కొంగ మా ఊరి మీంచే ఎల్లిందేటి బాబూ?" అని అడిగింది. ఆమెది కళింగపట్నం పక్క ఊరే. బొమ్మ అని చెప్పాం. అయినా ఆ రోజంతా ఆమె ప్రశ్నే మాకు బహుమతి. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే విద్య ఇది. కనుక ప్రతి చిత్రం చివర ఎలా తీశామో రెండు ముక్కలు రాయాలి.

తమ్ముళ్లకు అభ్యాసం: ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఒక చోటును మూడు ఫొటోలు తీయించండి – పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఒక్కొక్కదానిలో నీడ ఎటు పడిందో గుర్తు పెట్టండి. వచ్చాక ఆ మూడింటికీ ఒకే బొమ్మను మూడు రకాల వెలుగులో తీద్దాం.

అన్నయ్యలకు మనవి: మీ ఇంట్లో పాత వెబ్‌క్యామ్ ఏదైనా మూలన పడి ఉంటే మన కంప్యూటర్ గదికి ఇవ్వండి. ఇద్దరు తమ్ముళ్లు ఇప్పటికే సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు చేస్తున్నారు. కెమెరా కోసం వంతులు వేసుకుంటున్నారు.