ఎపిఫనీ: క్రీస్తు సాక్షాత్కార పర్వము

క్రిస్మసు పండుగ సంగతి మనదేశమున నెరుగనివారు లేరు. కాని అది గడచిన పిమ్మట జనవరి 6వ తేదీన కాథలిక క్రైస్తవులు జరుపుకొను మరియొక పర్వమునుగూర్చి ఇతర మతస్థులకు తెలిసినది స్వల్పము. దానికి గ్రీకుభాషనుండి వచ్చిన పేరు 'ఎపిఫనీ'. వెల్లడియగుట, దర్శనమిచ్చుట అని ఆ పదమున కర్థము. తెలుగు కాథలికులు దీనిని క్రీస్తు సాక్షాత్కార పండుగ అనియు, వాడుకలో ముగ్గురు రాజుల పండుగ అనియు పిలుతురు. శిశువు పుట్టుట వేరు, పుట్టినవాడెవరో లోకమునకు తెలియుట వేరు గదా! మొదటిది క్రిస్మసు, రెండవది ఎపిఫనీ.

సాక్షాత్కారమను మాట మనకు చిరపరిచితమే. అయితే వేదాంత పరిభాషలో అది సాధకుని అనుభవము. ఇచట కర్త భగవంతుడు. ఆయన తన్ను తాను కనబరచుకొనుటయే సాక్షాత్కారము. వెదకువాని ప్రయత్నము దాని పిమ్మటిది. ఈ భేదమును మనస్సునందుంచుకొనినగాని ఈ పర్వము యొక్క తత్త్వము బోధపడదు.

దీనికి మూలమైన కథ మత్తయి సువార్త రెండవ అధ్యాయమున మొదటి పండ్రెండు వాక్యములలో కలదు. హేరోదు రాజ్యమేలుచున్న కాలమున తూర్పుదిక్కునుండి కొందరు జ్ఞానులు యెరూషలేము పట్టణమునకు వచ్చి, యూదులకు రాజుగా పుట్టిన శిశువెక్కడనని అడిగిరి. ఆయన నక్షత్రమును చూచి పూజింప వచ్చితిమని చెప్పిరి. రాజు కలవరపడెను; అతనితోకూడ పట్టణమంతయు కలవరపడెను. అతడు ప్రధానయాజకులను, శాస్త్రులను పిలిపించి అడుగగా, వారు తడుముకొనక మీకా ప్రవక్త వాక్యమును చూపి, బేత్లెహేములోనని చెప్పిరి. జ్ఞానులు అచటికేగి, తల్లియగు మరియతో నున్న శిశువును చూచి సాగిలపడి, బంగారమును, సాంబ్రాణిని, బోళమును కానుకలుగా సమర్పించిరి. స్వప్నమున హెచ్చరింపబడి, హేరోదునొద్దకు పోక మరియొక మార్గమున స్వదేశమునకు మరలిరి.

జనులు చెప్పుకొనునదంతయు ఈ కథలో లేదు. వారు ముగ్గురని సువార్త చెప్పదు. కానుకలు మూడగుటచే ముగ్గురైరి. రాజులనియు చెప్పదు, యెషయా గ్రంథము 60వ అధ్యాయమునందును, 72వ కీర్తనయందును రాజులు కానుకలతో వచ్చు వర్ణన యుండుటచే ఆ కిరీటములు వారి తలలకెక్కినవి. గాస్పరు, మెల్కియోరు, బల్తజారు అను పేర్లు తరువాతి శతాబ్దములవి. మూలమున వారిని 'మాగి' అన్నారు. అది పారసీకదేశపు పురోహితవర్గమునకు చెల్లిన పేరు, గ్రహనక్షత్ర విద్య తెలిసినవారికిని చెల్లినది. ఇటలీలోని రవెన్నలో 6వ శతాబ్దపు దేవాలయ కుడ్యముపై వారు పారసీక వేషముననే కనబడుదురు. ఇక ఆ నక్షత్రమేదియను విచారణ ఖగోళశాస్త్రజ్ఞులది. క్రీ.పూ. 7వ సంవత్సరమున గురుశనుల కలయిక జరిగినదని 17వ శతాబ్దారంభమున కెప్లరు గణించెను. పండుగ మాత్రము ఆ లెక్కపై ఆధారపడి యుండలేదు.

విచారింపవలసినది వేరొకటి. యూదుల ధర్మశాస్త్రము నక్షత్రములను జూచి జోస్యము చెప్పువారిని ఆదరింపదు. అట్టి విద్యగలవారు, అన్యదేశీయులు, వేదవాక్యమెరుగనివారు మొట్టమొదట వచ్చి మ్రొక్కిరి. వారికి తెలిసిన భాష నక్షత్రముల భాష కావున దేవుడు ఆ భాషలోనే వారిని పిలిచెనని 4వ శతాబ్దపు మహోపదేశకుడు జాన్ క్రిసోస్తోము వ్యాఖ్యానించెను. అయినను నక్షత్రమొక్కటే చాలలేదు. అది వారిని యెరూషలేమువరకు తెచ్చెను. అక్కడ యూదుల గ్రంథమును అడిగి తెలిసికొనవలసి వచ్చెను. అన్యజనులు ఇశ్రాయేలుకు ఇయ్యబడిన వాగ్దానమును స్వీకరించియే క్రీస్తును కనుగొందురని, 1992లో వెలువడిన కాథలిక సత్యోపదేశ గ్రంథము ఈ ఘట్టమును విడమరచి చెప్పుచున్నది.

మరి గ్రంథమును చేతబట్టుకొనినవారి మాటయేమి? బేత్లెహేము యెరూషలేమునకు అయిదారు మైళ్లు. ఊరిపేరు తెలిసియు, గ్రంథమున చోటు చూపియు, ఆ పండితులలో ఒక్కడైనను లేచి వెళ్లినట్లు కథలో లేదు. ఎంతో దూరమునుండి వచ్చినవారు నడచిరి, దారి చెప్పినవారు కూర్చుండిరి. శాస్త్రపాండిత్యము కలవారెవరికైనను, వారే మతస్థులైనను, ఈ చిన్న వివరము గుండెలో గ్రుచ్చుకొనక మానదు. దీనిని యూదజాతిపై నిందగా త్రిప్పినవారు చరిత్రలో లేకపోలేదు. అది అన్యాయము. ఆ శిశువును, ఆ తల్లియు యూదులే. 1965 అక్టోబరు 28న రెండవ వాటికను మహాసభ యూదులపై ద్వేషమును స్పష్టముగా ఖండించెను.

ఇచట హిందూ పాఠకునకు ఒక ప్రశ్న తోచును. తూర్పు జ్ఞానులు తమ విద్యచేతనే వచ్చిరి గనుక, అన్ని మార్గములును ఒక్కచోటికే చేరునని ఈ పండుగ చెప్పుచున్నదా? కాథలికులు అట్లు చెప్పరు. సకల జాతులును పిలువబడినవి, అయితే పిలువబడినది క్రీస్తు నొద్దకేయని వారి విశ్వాసము. ఇతర మతములలోని సత్యమును, పావిత్ర్యమును దేనినిగాని తాము నిరాకరింపమని అదే 1965 నాటి ప్రకటన చెప్పినది, అందు హిందూమతము పేరు కూడ కలదు. కాని ఆ సత్యమును వారు జ్ఞానులు చూచిన నక్షత్రమువలె భావింతురు. ఈ అభిప్రాయముతో మన మేకీభవింపకపోవచ్చును. పరుల పండుగను మన మతమునకు అనుకూలముగా దిద్ది మెచ్చుకొనుట కంటె, వారి భావమును వారిదిగా గ్రహించుటయే మర్యాదయని నా తలంపు.

కానుకలకు 2వ శతాబ్దమునాటి ఐరేనియసు చెప్పిన అర్థము నేటికిని నిలిచియున్నది. బంగారము రాజునకు, సాంబ్రాణి దేవునకు, బోళము మరణింపబోవు మానవునకు. బోళము శవమునకు పూయు సుగంధద్రవ్యము. ఉయ్యాల దగ్గర ఎవరైన అట్టిది తెత్తురా? యోహాను సువార్తలో సిలువనుండి దింపిన దేహమునకు నికొదేము బోళమునే తెచ్చెను. పండుగ దీపములమధ్య ఈ చేదువాసన యుండుటను కాథలికులు మరవరు. హేరోదు కత్తికి ఎరయైన శిశువుల కథ కూడ సువార్తలో వెనువెంటనే వచ్చును.

1969లో సవరింపబడిన పంచాంగము ప్రకారము, ఇది విధిపర్వము కాని దేశములలో జనవరి 2 మొదలు 8 వరకు గల ఆదివారమున జరుపబడుచున్నది. ఆనాడు దివ్యపూజలో ఆ సంవత్సరపు ఈస్టరు తేదీని ప్రకటించు ప్రాచీనాచారము కలదు. ఐరోపాలో పలుచోట్ల గృహములను ఆశీర్వదించి, ద్వారముపై సుద్దతో సంవత్సరపు అంకెలను, వాని నడుమ సి, ఎం, బి అను అక్షరములను వ్రాయుదురు. అవి ముగ్గురు రాజుల పేర్లకును, క్రీస్తు ఈ ఇంటిని ఆశీర్వదించుగాక అను లాటిను వాక్యమునకును సంకేతములు.

ప్రాచ్య సంఘములలో ఈ పర్వము మరింత పురాతనము. అచట ప్రధానముగా స్మరింపబడునది జ్ఞానులు కాదు, యోర్దాను నదిలో క్రీస్తు జ్ఞానస్నానము. రోము సంప్రదాయమును ఈ దినపు ప్రార్థనలలో జ్ఞానుల రాకను, యోర్దానును, కానా పెండ్లిలో నీరు ద్రాక్షారసమైన అద్భుతమును ఒక్కటిగా కీర్తించును. మన కేరళలోని సీరో మలబారు కాథలికులు దీనిని 'దెన్హా' అందురు. సిరియాకు భాషలో ఆ మాటకు ఉదయమని అర్థము. కొన్ని ఊళ్లలో భక్తులు స్నానములు చేయుదురు. ఇరింజాలకుడ ప్రాంతమున ఇండ్ల ముంగిట అరటిబోదెలను నాటి, వానికి దీపములు గ్రుచ్చి వెలిగింతురు.