జ్ఞాపకార్థ పుస్తకం రాయబోయే మనుమడికి



దిల్‌సుఖ్‌నగర్‌లో జరగబోయే జ్ఞాపకార్థ కూడికలో పంచడానికి తాత జీవితాన్ని చిన్న పుస్తకంగా రాసే బాధ్యత మనుమడి మీద పడింది గనుక, కలం పట్టే ముందు గమనించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. భక్తిపరుడు, కష్టజీవి, ప్రేమగల తండ్రి అనే మాటలు ప్రతి సమాధి రాతి మీదా ఉంటాయి. అవి అబద్ధాలు కావు గాని, వాటిని చదివినవారికి ఆ మనిషి ఎలాంటివాడో తెలియదు. తాత విషయంలో చెప్పవలసింది ఆయన మాట నిలబెట్టుకున్న తీరు, అందుకు ఇంటిల్లిపాదీ భరించిన నష్టం.

ఆ తీరుకు మూలం ఆయన మెన్నొనైట్ సంఘంలో ఉంది. మెన్నొనైట్లు అనే పేరు, 1536లో రోమన్ కాథలిక్ గురువు పదవిని వదిలిన నెదర్లాండ్స్ దేశస్థుడు మెన్నో సైమన్స్ వల్ల వచ్చింది. పసిబిడ్డలకు గాక, తెలిసి నమ్మినవారికే బాప్తిస్మం ఇవ్వాలని, ఆయుధం పట్టరాదని, ఒట్టు పెట్టుకోరాదని వారి బోధ. ఒట్టు వేస్తే ఒక నిజం, వేయకపోతే మరో నిజం ఉండవు గనుక నోట వచ్చిన ప్రతి మాటకూ ఒకే విలువ ఉండాలన్నది ఇందులోని భావం. వారిలో ఒక శాఖగా 1860లో దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో, ఏర్పడిన మెన్నొనైట్ బ్రదరన్ సంఘాన్నే తెలంగాణలో ఎం.బి. చర్చి అంటారు. ఆ సంఘం నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో వచ్చి నల్లగొండ ప్రాంతంలో పనిచేయగా, అమెరికా శాఖవారు 1899 నుంచి వచ్చి మలక్‌పేట, నాగర్‌కర్నూల్, దేవరకొండలలో కేంద్రాలు నెలకొల్పారు. మిషనరీల పేర్లు గ్రంథాలకెక్కాయి గాని, ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన పల్లె బోధకుల పేర్లు, ఇంటింటికీ వెళ్లి ఆడవారికి బోధించిన బైబిలు స్త్రీల పేర్లు చాలావరకు ఎక్కలేదు. తాత పెద్దలు వాక్యం విన్నది వారి నోటనే గనుక, ఇంట్లో గుర్తున్న పేర్లనైనా ముందు రాయాలి.

దేవరకొండ నుంచి వచ్చే సాగర్ రోడ్డు ఎల్‌బీనగర్‌లో నగరాన్ని చేరుతుంది గనుక, ఆ వైపు జనం ఎందరో పని వెతుక్కుంటూ అక్కడే దిగారు. తాపీ మేస్త్రీగా తాత జీవితం కూడా అక్కడి కూలీల అడ్డాలోనే మొదలైంది. ఎన్ని ఇళ్లు కట్టారన్న లెక్క కంటే బట్వాడా, అంటే శనివారం సాయంత్రం వారం కూలి పంచడం, ఎలా చేశారన్నది ముఖ్యం. ఇల్లు కట్టించేవారు డబ్బు ఆలస్యం చేసిన వారాల్లో కూడా, తట్ట మోసే ఆడకూలీలతో మొదలుపెట్టి అందరికీ ఇచ్చాకే ఆయన ఇంటికి వచ్చేవారు. అందుకు నానమ్మ గాజులు కుదువకు వెళ్లిన వారాలూ ఉన్నాయి గనుక, శనివారం కూలి ఇస్తానన్న మాట నిలిచిన ఘనతలో ఆమె వాటాను పుస్తకం మరువకూడదు. ఆదివారం తాపీ ముట్టేవారు కాదు. అయితే నీళ్లు కొట్టకపోతే కొత్త సిమెంటు బీటలిస్తుంది గనుక, ఆరాధన అయ్యాక వెళ్లి గోడలు తడిపి వచ్చేవారు. ట్రంకుపెట్టెలో ఉన్న బట్వాడా లెక్కల పుస్తకంలోని ఒక పేజీని ఫొటో తీసి అచ్చు వేయించడం మంచిది.

అన్నిటికంటే వివరంగా రాయవలసింది బడి రికార్డు సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద ఉన్న షెడ్యూల్డ్ కులాల హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది గాని, క్రైస్తవులైన దళితులకు నేటికీ వర్తించదు. తెలంగాణలో వారు బీసీ-సీ వర్గంలోకి వస్తారు, ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉండగా ఈ వర్గానికి ఉన్నది 1 శాతమే. ఇదంతా తెలిసే తాత కొడుకులిద్దరికీ మతం గడిలో క్రైస్తవమని రాయించారు, వారు ఆశించిన చదువులు వారికి అందలేదు. దీన్ని దాచడం తగదు. అలాగని మతాన్ని వేరుగా రాయించుకున్న చుట్టాలను తక్కువ చేసే వాక్యం ఒక్కటి కూడా రాకూడదు, ఎందుకంటే బిడ్డల చదువుకూ విశ్వాసానికీ మధ్య ఆ ఇరకాటాన్ని తెచ్చిపెట్టింది చట్టమే. ఆ నష్టం మోసినవారిలో ఒకరు మనుమడి తండ్రే గనుక, ఆ భాగాన్ని అచ్చుకు ఇచ్చే ముందు తండ్రికీ పెదనాన్నకూ చదివి వినిపించాలి. వారు ఇలా కాదన్న చోట వారి మాటనే ఉండనివ్వాలి.